కొనుగోలుదారు పేరు సెవాస్తీ

మా ఊళ్ళో ఆడది ఇల్లు కొనదు. ఆడదానికి ఇల్లు పుట్టుకతో వస్తుంది, లేదంటే రాదు. నాకు రాలేదు.

తల్లి ఇల్లు, తల్లి పొలాలు, తల్లి మెడలోని కాసులపేరు, అన్నీ మొదటి కూతురివే. ఆ పిల్లని కనకారా అంటారు. తర్వాత పుట్టినవాళ్ళకి పేరేమీ లేదు, పని మాత్రం ఉంది. మా అక్క రిగోపూలా పుట్టిన పద్నాలుగు నెలలకి నేను పుట్టాను. ఆ పద్నాలుగు నెలల ఆలస్యానికి యాభై ఏళ్ళుగా దాని గిన్నెలు తోమాను, దాని పిల్లల్ని ఎత్తుకు తిప్పాను, దాని ఆలివ్ చెట్లు దులిపాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడక్కండి. మా దగ్గర పెళ్ళికొడుకే పెళ్ళికూతురి ఇంటికి వచ్చి ఉంటాడు. నన్ను చేసుకున్నవాడు వచ్చి ఎక్కడ ఉంటాడు, నా నెత్తి మీదా?

ఏథెన్సులో చట్టం ఎప్పుడో మారిందట, పిల్లలంతా సమానమేనట. ఆ చట్టానికి కార్పథోస్ దీవి దాకా ఓడలో రావడం వచ్చింది గానీ, ఉత్తరాన ఉన్న మా కొండ ఎక్కే ఓపిక లేకపోయింది. పిగాడియా రేవులోనే కూలబడినట్టుంది.

అక్క చెడ్డదనుకోకండి. చిక్కంతా అక్కడే. చెడ్డదైతే ఏనాడో జుట్టు పట్టుకుని తేల్చుకునేదాన్ని. అది నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఏ ఈస్టరుకీ నాకు కొత్త తలగుడ్డ కొనడం మానలేదు. నన్ను తన చెయ్యి అనుకుంది, అంతే. చెయ్యికి విడిగా ఇల్లెందుకు?

పోయిన శీతాకాలంలో ఫూలా చనిపోయింది. ఫూలా కూడా నాలాంటి రెండోదే. గాలిమరల పక్కన, పడమటి సముద్రం కనిపించే ఇల్లుందే, అది వాళ్ళక్క సోఫిల్లాది. సోఫిల్లా మొగుడితో పాటు ఏథెన్సు రేవు పిరేయస్‌కి వెళ్ళిపోయి ముప్ఫై ఏళ్ళయింది. వెళుతూ ఇల్లు చూసుకోమని చెల్లెలికి చెప్పింది. ఫూలా చూసుకుంది. ఏటేటా సున్నం వేసింది, గోడకి వేలాడే పళ్ళేలు ఒక్కటీ పగలకుండా తుడిచింది. నాకు రొట్టెలు కాల్చడం నేర్పింది ఆవిడే. ఆవిడ పోయాక సోఫిల్లా ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఆమెకి కూతుళ్ళు లేరు. ఉన్న ఒక్క కొడుక్కీ మా కొండ గాలి పడదట, దగ్గొస్తుందట.

మొదట బెల్జియం నుంచి ఒక జంట వచ్చారు. మంచివాళ్ళే. ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగారు, సముద్రాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నారు, తర్వాత టేపు తీసి కొలవడం మొదలుపెట్టారు. లోపల సగం గది మేర ఎత్తయిన చెక్క అరుగు ఉంటుంది మా ఇళ్ళలో, ఇంటివాళ్ళు పడుకునేది దాని మీదే. అది పీకేసి అక్కడ స్నానాలగది కడతామన్నారు. సోఫిల్లా ఫోనులోనే వాళ్ళని ఉతికి ఆరేసిందని కాఫీ కొట్టు మినాస్ చెప్పాడు. అయినా కుదరదని మాత్రం అనలేదు. వేరే బేరం లేదు మరి.

ఆ మాట విన్న రోజు నేను రొట్టెలు మాడ్చాను. ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. టూరిస్టు బస్సులు కొండెక్కడం మొదలైనప్పటినుంచీ ఊరి బట్టీ దగ్గర సోంపు రొట్టెలు కాల్చి అమ్ముతున్నాను. అక్క దాన్ని సెవాస్తీ చిల్లర అనేది. ఆ చిల్లర ఎంతయిందో చెప్పను, మీకెందుకు? సోఫిల్లా అడిగే ధరకి సరిపోయింది. అంతవరకు తెలిస్తే చాలు.

మినాస్ దగ్గర నంబరు తీసుకుని, కొట్టు ముందే నిలబడి ఫోన్ చేశాను.

"సోఫిల్లా అత్తా, నేను సెవాస్తీని. రిగోపూలా చెల్లెల్ని."

"ఓసి, నువ్వా! ఇంకా బతికే ఉన్నావుటే?"

"ఉన్నాను. నీ ఇల్లు నేను కొంటాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "చల్లటి మాట చెప్పావే తల్లీ! నాకు తెలుసు, రిగోపూలా ఊళ్ళో ఇల్లు పరాయివాళ్ళ పాలు కానివ్వదని. వాళ్ళమ్మ పోలికే."

"అక్క కాదత్తా. కొనేది నేను."

"అదేలే, అదేలే. ఫోను ఎవరు చేస్తే ఏముంది? పిగాడియాలో నోటరీతో మాట్లాడి రోజు చెప్పండి, ఓడెక్కి వస్తా."

ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి. ఎనభై మూడేళ్ళకి కూడా పిరేయస్ నుంచే మా ఊరి గుసగుసలు వింటుంది. నా మాట చెవిలో పడింది, లోపలికి పోలేదు. రెండోపిల్ల ఇల్లు కొనడం అనేదాన్ని పెట్టుకోవడానికి ఆ బుర్రలో చోటే లేదు.

నేను ఇంటికి చేరేలోపే అక్కకి వార్త చేరింది. పక్కింటివాళ్ళు అప్పటికే శుభాకాంక్షలు చెప్పి వెళ్ళారు. అక్క పొయ్యి దగ్గర ఉల్లిపాయలు వేయిస్తూ ఇటు తిరగకుండానే అడిగింది.

"ఏమే, నాకు తెలియకుండా ఇల్లు బేరమాడావట?"

"ఆడాను. నాకోసం."

"మంచి పనే చేశావులే. మరీనా కూడా అంటోంది, టూరిస్టులకి అద్దెకిస్తే బాగుంటుందని. అరుగు మీద రెండు పక్కలు పడతాయి. పొద్దున్నే నువ్వెళ్ళి దుప్పట్లు మార్చొద్దువుగాని."

"అక్కా, ఆ ఇంట్లో నేనుంటాను."

"ఉండు, ఎవరొద్దన్నారు? టూరిస్టులు లేని నెలల్లో ఉండు."

మరీనా అక్క పెద్దకూతురు. అంటే రేపటి కనకారా. ఆ పిల్ల అప్పుడే ఫోనులో కర్టెన్ల బొమ్మలు చూస్తోంది.

రెండోసారి మా చర్చి ఫాదర్‌కి చెప్పాను. ఆయన తులసి కొమ్మ, పవిత్ర జలం పట్టుకుని కొత్త ఇల్లు దీవించడానికి వచ్చారు, వచ్చింది మాత్రం అక్క గుమ్మంలోకి. "ఫాదర్, ఇల్లు నా పేరున వస్తోంది" అన్నాను. "అందరి పేర్లూ దేవుడి దగ్గర రాసే ఉంటాయమ్మా" అని, నా నెత్తిన కూడా రెండు చుక్కలు చల్లి, అక్కనీ బావనీ పిల్లల్నీ పేరుపేరునా దీవించి వెళ్ళారు.

మూడోసారి కాఫీ కొట్టులో. మధ్యాహ్నం, మగాళ్ళంతా ఉండగా వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పాను. "వినండి. సోఫిల్లా ఇల్లు కొంటున్నది రిగోపూలా కాదు. సెవాస్తీ."

నవ్వారు. ఒకడు అరిచాడు, "ఇల్లు కొన్నాక మొగుణ్ణి ఎప్పుడు కొంటావే సెవాస్తీ?"

"నీలాంటి సరుకైతే ఊరికే ఇచ్చినా వద్దురా" అన్నాను. కొట్టు కొట్టంతా గొల్లుమంది. మినాస్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మీ అక్కకి చెప్పు, ఇల్లు కొన్న కాఫీ నా లెక్కలో" అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు, వాళ్ళకి ఇంకా చెబుతూ నిలబడ్డ నా మీద. నేను అబద్ధమాడలేదు. మూడుసార్లు, మొహం మీదే, నోరారా నిజం చెప్పాను. నాలుగోసారి ప్రభుత్వం చెబుతుందిలే అనుకుని నోరు మూసుకున్నాను.

నోటరీ దగ్గరికి వెళ్ళే రోజు అక్క పండగకి తయారైనట్టు తయారైంది. పట్టు గౌను, పువ్వుల అంచు తలగుడ్డ, మెడనుంచి నడుం దాకా మా అమ్మ కాసులపేరు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కాసులు గలగలమన్నాయి. నేను రోజూ వేసుకునే నల్ల గౌను, తోలు బూట్లు.

"ఆ తలగుడ్డయినా మార్చుకోవే. నోటరీ ఏమనుకుంటుంది?"

"నోటరీకి నా తలగుడ్డతో పని లేదక్కా."

"నీకు ఈ మధ్య మాటలు ఎక్కువయ్యాయి" అంది గానీ, కోపంగా కాదు. దారిలో తను కొనుక్కున్న నువ్వుల రొట్టె సగం విరిచి నాకిచ్చింది. అది నాకు మింగుడు పడలేదు. నిజం చెబితే ఆ క్షణంలో భయమేసింది. ఒకవేళ అక్క ఏడిస్తే? అక్క కన్నీళ్ళ ముందు నేను ఏనాడూ నిలబడలేదు.

సోఫిల్లా ముందే వచ్చి కూర్చుంది. ఎండిపోయిన చిన్న మనిషి, చేతిలో కర్ర, మెడలో ఆమెకీ ఒక వరుస కాసులు. అక్కని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. నా చేతికి తన సంచీ ఇచ్చింది. నేను పట్టుకున్నాను. ఇల్లు కొనడానికి వెళ్ళి సంచీ పట్టుకుని గోడవార నిలబడ్డాను. అలవాటు చూడండి.

నోటరీ రోడ్స్ నుంచి వచ్చిన చిన్నపిల్ల. మా కొండ సంగతులు తెలియవు. పత్రం చేతిలోకి తీసుకుని, రూలు ప్రకారం గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఊరు, వీధి, హద్దులు, అమ్మకందారు పేరు. అన్నిటికీ సోఫిల్లా తలూపుతోంది. అక్క కాసులు సర్దుకుంటోంది.

"కొనుగోలుదారు పేరు సెవాస్తీ..."

"ఆగమ్మా" అంది అక్క. "అక్కడ పొరపాటు పడింది. అది మా చెల్లెలి పేరు. నా పేరు రిగోపూలా. మార్చు."

నోటరీ కాగితాలు తిరగేసింది. "పొరపాటు కాదండీ. పన్ను నంబరు ఈవిడదే, బ్యాంకు చెక్కు ఈవిడదే. సంతకం పెట్టాల్సిందీ ఈవిడే." ఆ పిల్ల వేలు నావైపు చూపించింది. ప్రభుత్వం నాలుగోసారి చెప్పింది.

అక్క నావైపు తిరిగింది. "సెవాస్తీ?" అంది, చీకట్లో ఎవరది అని అడిగినట్టు.

"మూడుసార్లు చెప్పానక్కా."

"చెప్పావు. కానీ నిజంగా అనుకోలేదే."

సంచీ కుర్చీలో పెట్టి బల్ల దగ్గరికి వచ్చాను. సోఫిల్లా కర్రతో నేలని ఒక్క పోటు పొడిచింది.

"నేను రెండోదానికి అమ్మను. మా అమ్మ ఇల్లది, వాళ్ళమ్మ ఇల్లది. పెద్దదాని చేతినుంచి పెద్దదాని చేతికే వచ్చింది. రాత్రికే బెల్జియం వాళ్ళకి ఫోన్ చేస్తా."

"వాళ్ళు అరుగు పీకేస్తామన్నారు కదత్తా?"

"పీకనీ. వాళ్ళకి పద్ధతి తెలియక పీకుతారు. నువ్వు తెలిసీ తన్నేస్తున్నావు. నీకంటే వాళ్ళే నయం."

చెక్కు బల్ల మీదే ఉంది. ఇల్లు మాత్రం చేతుల్లోంచి జారిపోతోంది. ఏడుపొస్తుందనుకున్నాను, వచ్చింది కోపం.

"ఆ అరుగు మీద ఎవరు పడుకున్నారత్తా ఈ ముప్ఫై ఏళ్ళూ?"

"ఏంటి?"

"అడుగుతున్నా చెప్పు. నువ్వు పిరేయస్‌లో ఉన్నావు. నీ మొగుడు అక్కడే పోయాడు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫూలా. అరుగు మీద ఎవరు పడుకున్నారు? నీ దిండ్లు పడుకున్నాయి. ఫూలా పోయిన రోజు తలుపు తీసింది నేను. అరుగు కింద, నేల మీద, మేక తోలు పరుచుకుని ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు వంగని మనిషి. పైన ఎనిమిది కుట్టుపని దిండ్లు, మడత నలగని దుప్పట్లు. నేను మోసి అరుగు మీదికి చేర్చేదాకా ఆవిడ ఒక్కనాడూ దాని మీద పడుకోలేదు."

సోఫిల్లా ముఖం బిగుసుకుంది. "పడుకోవద్దని నేను చెప్పానా?"

"పడుకోమని చెప్పావా?"

నోటరీ పెన్ను మూత పెట్టి కిటికీలోంచి బయటికి చూసింది. అక్క కాసులు కదల్లేదు. కింద రేవులో ఏదో ఓడ కూత వేసింది. సోఫిల్లా కర్ర పిడిని బొటనవేలితో రుద్దింది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది, పట్టు తగ్గలేదు.

"సరే. ఒక్క మాట చెప్పు, సంతకం పెట్టేస్తా. నీ తర్వాత ఆ ఇల్లు మరీనాకి ఇస్తానను. పెద్దదాని పెద్దదానికి. కాగితం వద్దు, ఏమీ వద్దు. ఒక్క మాట."

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "అనవే. మాటే కదా. తర్వాత సంగతి ఎవరు చూడొచ్చారు?"

నిజమే, మాటే. నాలుక చివర దాకా వచ్చింది కూడా. అనేస్తే ఇల్లు నాది. అనేసి తర్వాత నా ఇష్టం వచ్చినట్టు చేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. మరీనా చెడ్డపిల్ల కాదు, నేనెత్తుకు పెంచిన పిల్లే. కానీ ఆ మాట అంటే ఆ ఇంట్లో నేను కాపలాదారుని అవుతాను. మరీనా ఇంటిని మరీనా వచ్చేదాకా చూసుకునేదాన్ని. ఫూలా చేసింది అదే. డబ్బు కట్టి మరీ ఫూలాని కావడానికి కొండ దిగి రాలేదు నేను.

"అనను" అన్నాను.

"సెవాస్తీ!" అంది అక్క.

"అననక్కా. నా తర్వాత మరీనాకే ఇస్తానేమో, రెండోదానికి ఇస్తానేమో, ఏ పిల్లికి ఇస్తానో నాకే తెలియదు. ఆ తెలియకపోవడం నాది. అదీ కొనుక్కుంటున్నాను. ఇల్లు ఇస్తే ఇవ్వత్తా, లేదంటే చెక్కు ఇలా పారెయ్. బెల్జియం వాళ్ళకి స్నానాలగది కట్టుకోమను. నేను రేపు వెళ్ళి ఎప్పట్లా బట్టీ వెలిగించుకుంటా. కానీ ఆ మాట మాత్రం నా నోట రాదు."

సోఫిల్లా నన్ను కాళ్ళనుంచి తల దాకా చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను అలా పూర్తిగా చూడటం అప్పుడే.

"ఫూలా ఒక్కసారైనా ఇలా నా ఎదుట మొండికేసి ఉంటే" అంది, "పిరేయస్ నుంచి వచ్చి దాని చెంప పగలగొట్టేదాన్ని. తర్వాత అరుగు ఇచ్చేదాన్ని."

నోటరీ వైపు చెయ్యి చాపింది. ఆ పిల్ల మూత తీసి పెన్ను ఇచ్చింది. సోఫిల్లా తన పేరు ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా. తర్వాత నేను రాశాను. నా పేరు నా చేత్తో బ్యాంకులో తప్ప ఎక్కడా రాయలేదు. బాగానే కుదిరింది.

తిరుగు బస్సులో అక్క ముందు సీటులో కూర్చుంది, నేను వెనక. మాట లేదు. అలా మూడు వారాలు. ఊరు మాత్రం రెండుగా చీలి రెట్టింపు మాట్లాడింది. బరితెగించిందన్నారు, అక్క ఉప్పు తిని అక్కకే ద్రోహం చేసిందన్నారు. ఇద్దరు ముగ్గురు రెండోపిల్లలు మాత్రం బట్టీ దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా, అవసరానికి మించి రొట్టెలు కొనుక్కుని వెళ్ళారు.

ఒక పెట్టె, పిండి కలిపే తొట్టి, ఇవే నా సామాను. మొదటి రోజు మిట్టమధ్యాహ్నం తలుపు బార్లా తెరిచి పెట్టి, వీధిలో పోయే ప్రతివాడూ చూసేటట్టు అరుగు మీద బారుగా పడుకున్నాను. నిద్ర రాలేదు. రావాలని పడుకోలేదు. సోఫిల్లా దిండ్లు ఎనిమిదీ మూటగట్టి పిరేయస్ పంపించేశాను.

నాలుగో వారంలో ఒక పొద్దున, నేను పిండి పిసుకుతుంటే గుమ్మంలో నీడ పడింది. అక్క. కాసుల్లేవు, తలగుడ్డ వంకరగా ఉంది, ముంజేతుల దాకా పిండి. ముఖం చిక్కిపోయింది. మా ఊళ్ళో ఏ ఇంట్లోకైనా పిలవకుండా నడిచి వెళ్ళే మనిషి, గడప బయట ఆగిపోయింది.

"మకరూన్ల పిండి ముక్కలన్నీ ఉడకబెడితే ముద్దకట్టి చచ్చాయి" అంది. "మరీనాకి చేతకాదు. నాకూ చేతకావడం లేదు. నువ్వెన్ని నీళ్ళు పోస్తావో నేనెప్పుడూ చూడలేదు."

"పిండి తాగినన్ని."

"మీ బావ తిండి మానేశాడు." అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నాకేం బాగాలేదే. పొద్దున లేవగానే నిన్ను పిలుస్తున్నా. కోపం పోయిందిలే. ఇంక చాలు, ఇంటికి రా."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిగాడియా బస్సులో నేను భయపడింది దీనికే. గుండె కలుక్కుమంది, అబద్ధం చెప్పను. కానీ చేతులు పిండిలోనే ఉన్నాయి, కాళ్ళు కదల్లేదు.

"ఇంట్లోనే ఉన్నానక్కా" అన్నాను. "నువ్వే లోపలికి రా."

అది బూట్లు విప్పింది. గడప దాటి రెండడుగులు వేసి గది మధ్యలో నిలబడిపోయింది. గోడలు చూసింది, నన్ను చూసింది.

"ఎక్కడ కూర్చోమంటావు?" అని అడిగింది.

నేను అరుగు చూపించాను.